లెక్క రానిది మనకేనా?

ఏజెన్సీ మండలాల్లో ఈ మధ్య ఆర్థిక అక్షరాస్యత సభలు ఎక్కువయ్యాయి. బ్యానరు కడతారు. సంతకు వచ్చినవాళ్లను, పొదుపు సంఘాల అక్కలను కూర్చోబెడతారు. మైదానం నుంచి వచ్చిన ఒక సారు పొదుపు చేయండి, తాగుడు మానండి, అనవసరపు అప్పులు చేయకండి అని చెబుతాడు. చివర్లో కేవైసీ, ఈఎంఐ, ప్రీమియం, సిబిల్, సిప్ అని ఓ పది మాటలు గబగబా చదువుతాడు. ఫొటో దిగుతారు. జీపు వెళ్లిపోతుంది.

ఈ సభలతో నాకు తగువు ఉంది. సభ పెట్టినందుకు కాదు. ఆ సభ వెనక ఒక నమ్మకం ఉంది: ఆదివాసీకి డబ్బు లెక్క తెలియదు, తెలియకే పేదవాడయ్యాడు, నాలుగు మాటలు నేర్పితే బాగుపడతాడు. ఈ నమ్మకం అబద్ధం. అబద్ధమని చెప్పడానికి మన తాతల కాలం చాలు.

నాగు తెచ్చుకున్న ఏ ముసలివాడినైనా అడగండి. వానాకాలం ఆకలికి రెండు కుంచాలు తెస్తే పంట చేతికొచ్చాక మూడు కుంచాలు కొలవాలి. ఐదారు నెలలకు సగానికి సగం వడ్డీ. ఇది బడి మెట్టు ఎక్కని మనిషికి తెలుసు. తెలిసే తెచ్చుకున్నాడు, ఎందుకంటే ఇంట్లో గింజ లేదు, ఇచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు. లెక్క తెలియకపోవడం వేరు, బేరమాడే బలం లేకపోవడం వేరు. సభ పెట్టే సారు ఈ రెంటినీ ఒకటి చేసి మాట్లాడతాడు.

1917లో మద్రాసు ప్రభుత్వం మన కొండల కోసం ఒక చట్టం చేసింది. దాని పేరు చూడండి: ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదిలీ చట్టం. వడ్డీ, భూమి ఒకే పేరులో పక్కపక్కన ఉన్నాయి. కొండ తెగల మనిషి మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ వేయకూడదని, చక్రవడ్డీ అసలే కూడదని, మొత్తం వడ్డీ ఎప్పటికీ అసలును దాటకూడదని అందులో ఉంది. కొండవాళ్ల భూమిని బయటివాళ్లకు బదిలీ చేయడానికీ అదే చట్టం అడ్డుకట్ట వేసింది. తెల్లదొర మన మీద ప్రేమతో ఇది రాశాడని నేను అనుకోను. 1879 రంప పితూరీ వాళ్లకు గుర్తుంది. కానీ ఒక సంగతి మాత్రం వాళ్లకు బాగా అర్థమైంది: కొండల్లో భూమి పోయేది కత్తితో కాదు, వడ్డీతో. తర్వాత మన ప్రభుత్వాలు కూడా 1959 భూ బదిలీ రెగ్యులేషన్, 1960 వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్, 1970లో మనందరం 1/70 అని పిలుచుకునే సవరణ తెచ్చాయి. ఇన్ని చట్టాలు అవసరమైంది మనకు లెక్క రాక కాదు. లెక్క రాసే పుస్తకం షావుకారు పెట్టెలో ఉండటం వల్ల.

ఇప్పుడా పుస్తకం కంప్యూటరులోకి, ఫోనులోకి మారింది. అందులోని మాటలు మారాయి. అందుకే ఆ మాటలు నేర్చుకోవాలని నేనూ అంటాను. అయితే సభలో సారు చదివిన వరసలో, ఆయన చెప్పిన కారణానికి మాత్రం కాదు.

మొదట ఒక చిన్న తాళంచెవి. ఊళ్లో వడ్డీని నెలకు, నూటికి ఇన్ని రూపాయలు అని చెబుతారు. బ్యాంకు ఏడాదికి, నూటికి ఇంత శాతం అని చెబుతుంది. ఊరి రూపాయిని 12తో గుణిస్తే బ్యాంకు శాతం వస్తుంది. రూపాయి వడ్డీ అంటే 12 శాతం. మూడు రూపాయల వడ్డీ అంటే 36 శాతం. ప్రభుత్వం పావలా వడ్డీ అన్నప్పుడు అది 3 శాతం. పొదుపు సంఘం పుస్తకం రాసే మన అక్కలకు ఇది మంచినీళ్లు తాగినంత తేలిక. డిగ్రీ చదివిన తమ్ముళ్లు మాత్రం మూడు రూపాయల వడ్డీ, 12 శాతం పక్కపక్కన పెడితే 12 పెద్ద అంకె కదా అని ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు. ఈ రెండు కొలతలూ ఒకే పలక మీద రాసి చూపించినవాళ్లు లేరు.

ఇక ఏజెన్సీలో మోటారు సైకిలు కొన్న ప్రతి ఇంటికీ తగిలిన మాట, ఫ్లాట్ రేటు. ఇక్కడ కాస్త నిలబడదాం, ఎందుకంటే మోసం మొత్తం ఇక్కడే ఉంది. మాస్టార్లు దీన్ని రేపే బోర్డు మీద వేయవచ్చు.

60,000 అప్పు. 12 శాతం ఫ్లాట్. రెండేళ్లు. ఏడాదికి వడ్డీ 7,200, రెండేళ్లకు 14,400. మొత్తం 74,400ను 24తో భాగిస్తే నెల కిస్తు 3,100. కిస్తులో 2,500 అసలు, 600 వడ్డీ. చూడ్డానికి లెక్క సరిగ్గానే ఉంది. మన బడి పుస్తకంలోని పీటీఆర్ బై హండ్రెడ్ సూత్రమే ఇది. కానీ బడి పుస్తకం లెక్కలో రామయ్య అప్పు తీసుకుని రెండేళ్ల తర్వాత మొత్తం ఒకేసారి కడతాడు. అసలు చివరి రోజుదాకా రామయ్య దగ్గరే ఉంటుంది. మన తమ్ముడు అలా కాదు, నెలనెలా అసలు తిరిగి ఇచ్చేస్తున్నాడు. ఏడాది తిరిగేసరికి సగం ఇచ్చేశాడు. అయినా వడ్డీ మాత్రం 60 వేల మీదే పడుతోంది. చివరి నెలలో అతని దగ్గర మిగిలిన అసలు 2,500. దానికి వడ్డీ 600. నూటికి నెలకు 24 రూపాయలు! సంతలో వారపు వడ్డీకి తిరిగేవాడు కూడా ఇంత అడగడానికి మొహమాటపడతాడు.

మరి నిజమైన రేటు ఎంత? మొదటి నెల అతని దగ్గర 60,000 ఉంది, చివరి నెల 2,500 ఉంది. సగటున 31,250. ఏడాదికి 7,200 వడ్డీని దానితో పోల్చండి, నూటికి 23. ఇది ఉజ్జాయింపు. కంప్యూటరులో కచ్చితంగా కడితే 21.6 దగ్గర తేలుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, పత్రాల ఖర్చు అని ముందే ఒక 3,000 కోసుకుని చేతికి 57,000 ఇచ్చారనుకోండి, నిజమైన రేటు 27కు చేరుతుంది. దుకాణం గోడ మీద 12 అని ఉంది. తమ్ముడి జేబులోంచి పోయింది 27. ఇక్కడ ఎవరికి లెక్క రాలేదు?

వారపు అప్పు కూడా ఇదే పద్ధతి. కాగితం మీద పది వేలు, చేతికి తొమ్మిది వేలు, వారానికి వెయ్యి చొప్పున పది వారాలు. ఇచ్చేవాడు "నూటికి పదే కదా" అంటాడు. మొదట్లో మన దగ్గర తొమ్మిది వేలు ఉంటాయి, చివరి వారానికి వెయ్యి కూడా ఉండదు. సగటున ఐదు వేలు. ఐదు వేలకు పది వారాల్లో వెయ్యి అంటే పది వారాలకే నూటికి ఇరవై. ఏడాదిలో 52 వారాలు. నూటికి నూరు దాటింది. 1917లో తెల్లదొర గీసిన గీతకు ఇది నాలుగు రెట్లు.

ఇంతవరకు చెప్పింది లెక్క. అసలు పోరాటం భాష దగ్గర ఉంది.

2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త అప్పుకూ ముందుగా ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. ఇంగ్లీషులో దాన్ని కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు, పొట్టిగా కేఎఫ్ఎస్. ఫ్లాట్ రేటు నాటకం అక్కడ నడవదు. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా నూటికి ఎంత పడుతుందో ఒకే అంకెగా రాయాలి. ఆ అంకె పేరు ఏపీఆర్. మనం పైన కష్టపడి కట్టిన 27 అదే. ఏ నెల ఎంత కట్టాలో పట్టిక ఉండాలి. పత్రంలో లేని ఫీజును మనం స్పష్టంగా ఒప్పుకోకుండా మధ్యలో వేయకూడదు. వారం, అంతకు మించిన గడువున్న అప్పయితే ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పత్రం అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పాలి, అర్థమైందని సంతకం తీసుకోవాలి.

అర్థమయ్యే భాష. మన్యం కొండమీది కువి అమ్మకు ఏ భాష అర్థమవుతుంది? ఉట్నూరు వైపు గోండు పెద్దాయనకు, సీతంపేట సవర అన్నకు, చర్ల కోయ అక్కకు? ఇంగ్లీషు కాగితం మీద పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి "ఇక్కడ సంతకం, ఇక్కడ వేలిముద్ర" అంటే ఆ ఆదేశం అమలైనట్టేనా? తెలుగులో అచ్చువేస్తే మాత్రం, "సమీకృత వార్షిక రుణ వ్యయ శాతం" అని రాస్తే, తెలుగువాడికి మాత్రం అర్థమవుతుందా?

ఇక్కడ మనవాళ్లలోనే కొందరు ఒక మాట అంటారు. మన భాషల్లో ఈ పదాలు లేవు కదా, ఎలా చెబుతాం అని. తెలుగులో మాత్రం ఎక్కడున్నాయి? బాకీ, వసూలు, రసీదు, జమ, జామీను అన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చి తెలుగులో కాపురం పెట్టినవే. లోను, కిస్తు, ఈఎంఐ సంగతి చెప్పనే అక్కర్లేదు. మాట ఎక్కడి నుంచి వచ్చినా ఫరవాలేదు. కోయలోనూ ఈఎంఐని ఈఎంఐ అనే అనవచ్చు. దాని తర్వాత వచ్చే వాక్యం కోయలో ఉండాలి: చేతికి ఎంత వస్తుంది, నెలకు ఎంత కట్టాలి, ఎన్ని నెలలు, మొత్తం ఎంత కట్టినట్టు, ఒక నెల తప్పితే ఏం చేస్తారు. రూపాయలు, రోజులు లేని భాష ప్రపంచంలో లేదు. ఎన్నికలప్పుడు కోయలో, గోండిలో పాటలు కట్టించుకునేవాళ్లకు అప్పు ఇచ్చేటప్పుడు మాత్రం మన భాష కష్టమవుతుందట.

గుంపు అప్పులు కూడా గుర్తుంచుకోవాలి. 2010లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోతున్నాయని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మ రుణం. ఆ కుటుంబం కట్టాల్సిన అన్ని అప్పుల కిస్తులూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. జామీను పడ్డ అక్క ఇంటి ముందు రాత్రి ఎనిమిదికి కుర్చీ వేసుకుని కూర్చున్నవాడికి ఈ నియమం తెలుసు. అక్కకు తెలియదని కూడా అతనికి తెలుసు.

ఇక పెట్టుబడి. ఈ ఒక్క మాట మీద ఒక వ్యాసం రాయవచ్చు. మన ఊళ్లో పెట్టుబడి అంటే విత్తనాలు, ఎరువు, కూలి. తెలంగాణలో 2018 నుంచి ఇచ్చిన రైతుబంధును పెట్టుబడి సాయం అన్నది ఆ అర్థంలోనే. ఫోను ప్రకటనలో పెట్టుబడి అంటే షేర్లు, ఫండ్లు. పుస్తకాల్లో పెట్టుబడిదారుడు అంటే మిల్లు యజమాని. ఒకే మాటకు మూడు అర్థాలు. ఈ మూడింటి మధ్య దూకుతూ మన భూమి దాకా వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదం ఇది: "మీకు భూమి ఉంది, కానీ 1/70 వల్ల దాన్ని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. అది చచ్చిన పెట్టుబడి. చట్టం తీసేస్తే భూమి డబ్బవుతుంది, మీరు వ్యాపారం చేసుకోవచ్చు." మైదానం నుంచి వచ్చి మన సెంటర్లలో భవనాలు లేపినవాళ్లు ఇది అనడంలో ఆశ్చర్యం లేదు. మన చదువుకున్న పిల్లలు కూడా అంటున్నారు. అందుకే జవాబు చెప్పాలి.

పంట అప్పుకు భూమి తాకట్టు కావాలన్నది సగం అబద్ధం. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ అప్పును తాకట్టు లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంతకుముందు అది 1.6 లక్షలు. మనలో ఎంతమంది రెండు లక్షల పైన పంట అప్పు అడుగుతున్నారు? భూ బదిలీ రెగ్యులేషన్ కూడా బ్యాంకుకు తలుపు మూయలేదు. భూమి స్వాధీనం వదలకుండా బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెట్టే వీలును 1971 సవరణ ఇచ్చింది. బాకీ తీరక అమ్మాల్సి వచ్చినా కొనేవాడు ఆదివాసీయే కావాలి. అటవీ హక్కుల పట్టా సంగతి వేరు. 2006 చట్టం ప్రకారం అది పిల్లలకు వస్తుంది, అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. బ్యాంకు మేనేజరు "మీ పట్టా పనికిరాదు" అన్నప్పుడు లోపం పట్టాలో లేదు. తాకట్టు అక్కర్లేని అప్పుకు కూడా తాకట్టు అడగడంలో ఉంది.

అమ్మగలిగితేనే ఆస్తి అన్నది షావుకారు నిఘంటువు. ఏటా గింజ పెట్టి, కొడుకు పెళ్లికి, కూతురి కాన్పుకు ఆసరా అయిన భూమిని చచ్చిన పెట్టుబడి అనడానికి మనసెలా వస్తుందో.

హైదరాబాదు, విశాఖ హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. షేరు అంటే కంపెనీలో వాటా. మ్యూచువల్ ఫండ్ అంటే పదిమంది డబ్బు కలిపి ఒక మేనేజరు చేత రకరకాల వాటాలు, బాండ్లు కొనిపించడం. సిప్ అంటే అందులో నెలనెలా కొంత వేయడం. వీటిలో లాభం రావచ్చు, నష్టం రావచ్చు, ఏళ్లు పట్టవచ్చు. వీటిని పాపం అని నేను అనను. కానీ మీ ఫోన్లలో నడుస్తున్నది ఎక్కువగా ఇది కాదు, ఫ్యూచర్స్, ఆప్షన్స్. రేపు ధర పెరుగుతుందా తగ్గుతుందా అని కాసే పందెం. సెబీ 2024లో బయటపెట్టిన లెక్క ప్రకారం మూడేళ్లలో ఆ పందెం ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. కోడిపందెంలో కూడా సగం మంది గెలుస్తారు కదా! ఇక నిమిషంలో అప్పిస్తామనే యాప్ మీ ఫోనులో ఉన్న పేర్లు, నంబర్లు అడిగిందంటే అక్కడే తీసేయండి. అలా అడగకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అడిగేవాడు రేపు మీ అమ్మకు, మీ మాస్టారుకు ఫోను చేసి పరువు తీయడానికే అడుగుతున్నాడు.

ఆశ్రమ పాఠశాల మాస్టార్లకు, టీచరమ్మలకు ఇంకో విన్నపం. పిల్లల చేత ఇంట్లోని పాస్‌బుక్కు తెప్పించండి. అందులో మే నెలాఖరున 436 రూపాయలు, 20 రూపాయలు తగ్గిన వరసలు కనబడవచ్చు. అవి బ్యాంకు కాజేసినవి కావు. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, 20 సురక్షా బీమా ప్రీమియం. ప్రీమియం అంటే బీమా కోసం ఏటా కట్టే డబ్బు. మొదటిది ఉన్న మనిషి ఏ కారణంతో చనిపోయినా, రెండోది ఉన్న మనిషి ప్రమాదంలో చనిపోయినా, నామినీకి 2 లక్షలు రావాలి. నామినీ అంటే ఆ డబ్బు అందుకోవడానికి ముందే పేరు రాయించిన మనిషి. డబ్బు తగ్గిందని తిట్టుకుని, మనిషి పోయాక అడగడం తెలియక ఊరుకున్న ఇళ్లు మన గూడేల్లో ఉన్నాయి. ఆ వరస చదవడం వచ్చిన ఏడో తరగతి పిల్ల ఒక్కతి ఇంట్లో ఉంటే చాలు, అది మారుతుంది. జీపులో వచ్చిన సారు ఈ వరస ఎప్పుడైనా చూపించాడా?

మావ నాటే మావ రాజ్ అని రాళ్ల మీద చెక్కుకున్నాం. ఆ రాజ్యంలో అప్పు కూడా ఉంది. 1996 పెసా చట్టం నాలుగో సెక్షను చదవండి. భూమి పరాయిపాలు కాకుండా ఆపే అధికారం, సంతల నిర్వహణ, వాటి పక్కనే షెడ్యూల్డు తెగలకు ఇచ్చే అప్పుల మీద అదుపు. ఈ అధికారాలు గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండేలా రాష్ట్రాలు చూడాలని అందులో స్పష్టంగా ఉంది. భూమి అధికారం గురించి మనం ఎన్నో ఊరేగింపులు చేశాం. అప్పు మీద అధికారాన్ని ఏ గ్రామసభ రిజిస్టరులోనైనా రాశామా?

వచ్చే గ్రామసభలో అజెండాలో ఇది పెట్టించండి. మన ఊళ్లో అప్పులిచ్చే ప్రతి సంస్థ, ప్రతి వ్యాపారి పేరు, లైసెన్సు వివరం రిజిస్టరులో ఎక్కాలి. వాళ్లు తీసుకునే వడ్డీ ఊరి రూపాయిలో, ఏడాది శాతంలో రెండు విధాలా పంచాయతీ గోడ మీద రాయాలి. ముఖ్య వివరాల పత్రం ఊరి భాషలో చదివి వినిపించకుండా ఎవరి వేలిముద్రా తీసుకోకూడదు. చదివి వినిపించే పని మన చదువుకున్న పిల్లలు వంతులవారీగా చేయాలి. పేరు, తేదీ రాయాలి. తీర్మానం నకలు ఒకటి బ్యాంకు మేనేజరుకు, ఒకటి ఐటీడీఏ పీవోకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని, ఆ కాగితాన్ని రిజిస్టరులోనే అతికించాలి.